బడి కిటికీలు పీకించే ముందు ఒక్కసారి ఆగండి

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు దగ్గర ఊరు. నేను చదువుకున్న బడికే ఇప్పుడు పాత విద్యార్థుల సంఘం కార్యదర్శిని. బడి 1955లో కట్టారు, అప్పట్లో బోర్డు హైస్కూలు అనేవాళ్ళు, పెద్దోళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. ముందు పొడుగు వరండా, తొమ్మిది గదులు, గదికి నాలుగు చొప్పున 36 కిటికీలు, అన్నీ టేకు రెక్కలు, ఇనప ఊచలు, పైన వెంటిలేటర్లు. ఇప్పుడు కొన్ని రెక్కలు కింద పుచ్చిపోయాయి, కొన్ని మూసుకోవు, వానొస్తే జల్లు బెంచీల మీదకి కొడుతుంది. బయట దేశాల్లో ఉన్న మావాళ్ళు డబ్బులు పోగేశారు. కాంట్రాక్టరు గారొచ్చి అన్నీ పీకేసి తెల్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీలు పెట్టేద్దాం, పది రోజుల్లో అయిపోద్ది అంటున్నారు. ఈలోపు అమెరికాలో ఉన్న మా బ్యాచ్ వాడొకడు "మా ఊళ్ళో ఇదే వయసు బడి హెరిటేజ్ కింద ఉంది, కిటికీ మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి, మీరెలా పీకేస్తారు" అని అడ్డం పడ్డాడు. మన బడికీ అలాంటి రక్షణ ఉంటుందా? లేకపోతే మార్చేసుకోవచ్చా?

జవాబు: కార్యదర్శి గారూ, పీకించాక కాకుండా ముందే అడిగారు, చాలా సంతోషం. మొదట చట్టం సంగతి తేల్చేద్దాం, లేకపోతే మీటింగు పెట్టిన ప్రతిసారీ గొడవ అక్కడే ఆగిపోతుంది. మన దేశంలో పురాతన కట్టడాల చట్టం 1958లో వచ్చింది, దాని లెక్కలో కనీసం వందేళ్ళు నిండితేనే పురాతన కట్టడం. మీ బడి 1955ది, అంటే 2055 దాకా ఆ చట్టం దాని వైపు చూడదు. కాబట్టి ఆర్కియాలజీ వాళ్ళు వచ్చి ఆపుతారని ఎదురు చూడకండి. ఒకటి మాత్రం చూసుకోండి, బోర్డు హైస్కూళ్ళు 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక పరిషత్తు చేతికి వెళ్ళాయి, మీదీ అలాంటిదే అయితే ఆ భవనం సంఘానిది కాదు, డబ్బు మీరిచ్చినా సరే కిటికీ ఊడదియ్యాలంటే వాళ్ళ ఇంజనీర్ల దగ్గర్నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. హెడ్మాస్టరు గారు నోటిమాటగా సరే అన్నారని మొదలెట్టేస్తే రేపు ఆయన ఇరుక్కుంటారు.

మీ అమెరికా స్నేహితుడు చెప్పింది నిజమే కానీ పూర్తిగా కాదు. అక్కడ 1966 చట్టం కింద చారిత్రక స్థలాల జాతీయ జాబితా పెట్టారు, అందులోకి రావడానికి మామూలుగా 50 ఏళ్ళు చాలు, అందుకే 1950ల్లో కట్టిన బడులు కూడా వస్తాయి. అయితే ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన సొంత డబ్బుతో కిటికీ మార్చుకునేవాళ్ళని అది ఆపదు, ఆపేది ఆ ఊరు సొంతంగా చేసుకున్న నిబంధన, దాని కింద కూర్చునే కమిటీ. ఇంగ్లండులో మామూలుగా 30 ఏళ్ళు దాటితే జాబితాకి తీసుకుంటారు, ఆ తర్వాత భవనం రూపు మారేలా కిటికీ మార్చాలంటే ముందే అనుమతి కావాలి. మన దగ్గర ఈ నడివయసు భవనాలకి దిక్కు లేదండి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ హాలుని ఇంకా 60 ఏళ్ళు నిండలేదు కాబట్టి హెరిటేజ్ కాదన్నారు, 2017 ఏప్రిల్లో పడగొట్టేశారు. ఇంకోపక్క చండీగఢ్‌లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు గీసిన కాపిటల్ కాంప్లెక్స్ 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. పేరు మోసిన వాటిని ఎవరో ఒకరు చూసుకుంటారు, రాజోలు పక్క బడిని చూసుకోవాల్సింది అందులో చదువుకున్నవాళ్ళే. అమెరికాలో కమిటీ చేసే పని ఇక్కడ మీ సంఘమే చెయ్యాలి.

ఇక నా మాట సూటిగా చెప్తాను, ఆ 36 కిటికీలు పీకించకండి. రిపేరు చేయించండి. పాత వస్తువు మీద మోజుతో అనట్లేదు, పిల్లల కోసమే అంటున్నాను.

కోనసీమది రెంటచింతల ఎండ కాదు, ఉక్క. అంకెలో వేడి తక్కువే కనిపిస్తుంది కానీ చొక్కా వీపుకి అతుక్కుపోతుంది, చెమట ఆరాలంటే గాలి ఒంటికి తగలాలి, వేరే దారి లేదు. ఆ రోజుల్లో బడి కట్టినవాళ్ళకి ఫ్యాను కూడా లెక్కలో లేదు, గాలి మీదే లెక్క వేసుకున్నారు. మీ కిటికీ ఒకసారి దగ్గరకెళ్ళి చూడండి, రెక్కలు రెండు వరసలుగా ఉంటాయి, కింద జత, పైన జత. వాన పడితే కింది జత మూసి పైజత తీసి ఉంచొచ్చు, మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి మొదలైతే నాలుగూ తీసేస్తే బెంచీ మీద కూర్చున్న పిల్లాడి మొహానికి సరిగ్గా తగులుతుంది. పైనున్న వెంటిలేటర్లోంచి గదిలో పైకెక్కిన వేడిగాలి బయటికి పోతుంది. ఇప్పుడు స్లైడింగ్ సంగతి చూడండి, రెండు పలకలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి, ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. అంటే 36 కిటికీలకి డబ్బులిచ్చి 18 కిటికీల గాలి తెచ్చుకుంటున్నారన్నమాట. పైగా ఇలాంటి పనుల్లో వెంటిలేటరు కన్నాన్ని ఇటికలతో మూసేసి ప్లాస్టరింగ్ చేసేస్తారు, నేను చూసినవాటిలో చాలాచోట్ల అదే జరిగింది.

తుఫాను సంగతి కూడా. 1996 నవంబరు 6 రాత్రి మీ ఊళ్ళో ఎవరూ మర్చిపోయి ఉండరు. ఆ గాలికి కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. ఆ రాత్రి మీ బడిలో ఎన్ని రెక్కలు ఊడాయో, ఎన్ని నిలబడ్డాయో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. పైనా కిందా గడియ పడిన టేకు రెక్కకి కొబ్బరిమట్ట వచ్చి కొట్టుకుంటే గీత పడుతుంది, అద్దానికి కొట్టుకుంటే గదంతా పెంకులు. సన్నం సెక్షన్లతో చవగ్గా చేసిన స్లైడింగ్ పలకలైతే పెద్దగాలికి పట్టాలు తప్పే ప్రమాదం కూడా ఉంది.

ఇక ఆ కలప. అప్పట్లో పాపికొండల అడవుల్లోంచి దుంగల్ని తెప్పలు కట్టి గోదాట్లో రాజమండ్రికి దించేవాళ్ళు, అక్కడి అడితుల్లో కోయించి కాలవ మీద పడవల్లో మన ఊళ్ళకి చేరేది. ఏళ్ళ తరబడి నిదానంగా పెరిగిన చెట్టు, చేవ ఎక్కువ, రేఖలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు తోటల్లో పెంచి తొందరగా కొట్టేసే టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ, పురుగు ముందు పట్టేది దానికే. అంటే మీరు పీకి పారేసే చెక్కకి సమానమైంది కొత్తగా కొనాలన్నా కష్టం. పోయినేడాది ఒక పాత రెక్కని నా ఎదురుగానే మా వడ్రంగి చిత్రిక పట్టాడు, పైన నాలుగు పొరల రంగు, బూడిద రంగుకి తిరిగిపోయిన చెక్క, రెండు తోపులు తొయ్యగానే లోపల తేనెరంగు తేలింది, టేకు నూనె వాసన గుప్పుమంది. డెబ్బై ఏళ్ళ చెక్కండీ అది. అతను చిత్రిక పక్కన పెట్టి ఆ చెక్క పొర చుట్టని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, ఏం మాట్లాడలేదు.

నేను తప్పు చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. చాలా ఏళ్ళ కిందట సముద్రానికి దగ్గర్లో ఒక బడికి అల్యూమినియం స్లైడింగ్ పెట్టించడానికి నేనే సంతకం పెట్టాను, అప్పట్లో అదే అభివృద్ధి అనుకున్నాం. రెండో వేసవికి పట్టాల్లో ఇసక, ఉప్పు పేరుకుని చక్రాలు బిగుసుకుపోయాయి, సగం కిటికీలు తీసుంటే తీసున్నట్టే, మూసుంటే మూసున్నట్టే. ఆ మోడల్ చక్రాలు ఇప్పుడు రావట్లేదన్నారు. పాత రెక్కలు ఏమయ్యాయని అడిగితే ఒక పెళ్ళికి గాడిపొయ్యిలోకి ఇచ్చేశామన్నారు. ఆ మాట నాకింకా చెవిలో ఉంది.

సరే, చెయ్యాల్సిన పని. ముందు ప్రతి కిటికీకి ఒక నంబరు, గది నంబరుతో కలిపి సుద్దతో రాయించండి, లోపలి నుంచీ బయటి నుంచీ ఫోటో తీయించండి. తర్వాత ఒక వడ్రంగినీ ఒక టార్చినీ ఒక స్క్రూడ్రైవర్నీ తీసుకుని ఒక పూట కూర్చోండి. రెక్క కింది అడ్డచెక్క, నిలువుచెక్క కలిసే మూల ఉంటుంది చూడండి, కుసి దిగే చోటు, పుచ్చు మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే చెక్క కోసిన మొన నీళ్ళు పీలుస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే గట్టిగా ఉంటే అది బాగున్నట్టు, వేలెడు లోపలికి మెత్తగా దిగితే అక్కడిదాకా పుచ్చినట్టు. అలా నొక్కుకుంటూ పైకెళ్తే చాలాసార్లు జానెడు పైన చెక్క రాయిలా తగులుతుంది. పోయింది ఆ జానెడే, రెక్క మొత్తం కాదు. ఫ్రేము గోడలో కూర్చున్న చోట చెద మట్టి ఉందేమో టార్చి వేసి చూడండి, కొట్టి చూస్తే డొల్ల మోత వస్తుంది. ఇలా చూసుకుంటూ పోతే బాగున్నవెన్ని, అతుకుతో బతికేవెన్ని, నిజంగా పోయినవెన్ని అని తేలిపోతుంది, నేను చూసినంతలో పోయినవి ఎప్పుడూ మనం భయపడినదానికంటే తక్కువే తేలాయి.

అతుకు వేసే పద్ధతి మీ వడ్రంగికి తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. పుచ్చిన భాగం నిటారుగా కాకుండా ఏటవాలుగా కోసి, అదే మందం పాత టేకు ముక్కని రేఖ అదే దిక్కులో ఉండేలా చెక్కి ఎపాక్సీ జిగురుతో అతికించి వెదురు మేకులు దిగ్గొట్టాలి. ముక్క కోసం కొత్త కలప కొనక్కర్లేదు, మండువా ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే పాత సామాను వాళ్ళ దగ్గర వాసం ముక్క దొరికినా చాలు. మొన వైపు ప్రైమరు రెండు సార్లు తాగించండి, రంగులోళ్ళు వదిలేసేది అదే. కింది చెక్క అడుగున సన్నంగా ఒక గాడి తీయిస్తే వాననీళ్ళు అక్కడే తెగి బయట పడిపోతాయి, లోపలికి పాకవు. కిటికీ గట్టు బయటికి వాలుగా ఉందో లేదో చూసుకోండి, మీ జల్లు బాధకి సగం కారణం అదే కావొచ్చు, ఏళ్ళ తరబడి ప్లాస్టరింగ్ మీద ప్లాస్టరింగ్ పడి వాలు లోపలికి తిరిగిపోతుంది. ఊచలు ఫ్రేములోకి దిగే చోట తుప్పు గీకించి ప్రైమరు పట్టించండి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చెక్కని చీలుస్తుంది. మూసుకోని రెక్కల్లో చాలావాటికి రోగం బందుల్లోనే ఉంటుంది, స్క్రూలు వదులై రెక్క వేలాడుతుంది, పాత కన్నంలో టేకు బిరడా కొట్టి కొత్త స్క్రూ దింపితే లేచి కూర్చుంటుంది. రెక్కలు ఊడదీసేటప్పుడు ఒకటి చూడండి, పక్క అంచు మీదా ఫ్రేము మీదా ఉలితో కొట్టిన గీతలు కొన్నిటికి కనిపించొచ్చు, ఏ రెక్క ఏ ఫ్రేముదో ఆనాటి వడ్రంగి పెట్టుకున్న గుర్తు అది. దాన్ని గీకేయనివ్వద్దు.

నిజంగా పోయినవి ఉంటే మార్చండి, తప్పేం లేదు. అమెరికాలో ప్రభుత్వం వాళ్ళు పెట్టుకున్న సూత్రం కూడా అదే, వీలైతే రిపేరు, తప్పకపోతేనే కొత్తది, కొత్తదైతే ఆకారం, రంగు, తీరు పాతదానిలా ఉండాలి, కుదిరితే సరుకు కూడా అదే. కాబట్టి అలా పోయిన కిటికీలు టేకుతోనే, అదే మందంతో, అదే రెండు వరసల రెక్కలతో, బయటికే తెరుచుకునేలా చేయించండి. ముందువైపు వరండాలో కిటికీ పోయిందనుకోండి, వెనకవైపున్న మంచి పాతది తెచ్చి ముందు పెట్టి, కొత్తది వెనక పెట్టించొచ్చు, సైజు ఒకటే అయితేనే సుమా. కంప్యూటర్ గదికి ఏసీ పెడుతున్నాం అద్దం కావాలి అంటే పాత రెక్కలు అలాగే ఉంచి ఊచలకి లోపలివైపు స్క్రూలు తీస్తే ఊడొచ్చే అద్దం ఫ్రేము బిగించండి, దోమల మెష్ కూడా అంతే, రేపు అక్కర్లేదనుకుంటే తీసెయ్యొచ్చు.

కాంట్రాక్టరు గారితో గొడవ పడక్కర్లేదు. ఆయన చదరపు అడుగుల లెక్కన చెప్తారు, రిపేరుకి ఆ లెక్క పనికిరాదు. ముందు ఒక్క కిటికీ ఇచ్చి నమూనాగా చేయించండి, బాగా పాడైనదే ఇవ్వండి, ఎన్ని రోజులు పట్టిందో ఎంతయిందో రాసుకోండి, అప్పుడు మిగతావాటికి ధర మాట్లాడొచ్చు, మీ బయట దేశాల వాళ్ళకి కూడా ఆ కిటికీ ఫోటో ముందూ తర్వాతా పంపిస్తే మాటలతో పని ఉండదు. పది రోజుల్లో మాత్రం అవ్వదు. రెండు వేసవి సెలవులు పెట్టుకోండి, ఒకసారి నాలుగు గదులు, ఇంకోసారి ఐదు.

ప్రశ్న: సార్, మాది భీమవరం దగ్గర. మా పాప ఐదో తరగతి. వాళ్ళ స్కూలు పాత బిల్డింగు, కిటికీలకి రంగులేస్తున్నారు, పాత రంగుని గ్యాస్ మంటతో కాల్చి గీకుతున్నారు, పక్క గదిలో క్లాసులు జరుగుతూనే ఉన్నాయి. సాయంత్రం పాప పుస్తకాల సంచి మీద కూడా ఆ పొడి ఉంటోంది. అడిగితే పాత రంగేగా అమ్మా ఏం కాదు అంటున్నారు. నిజంగా ఏం కాదా?

జవాబు: అవుతుందమ్మా. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ పని ఆపించండి, ఇంకో ఇద్దరు తల్లుల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది, పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో మరీను, ఊచలకి వేసిన పాత ఎర్ర ప్రైమరు రెడ్ లెడ్ కావొచ్చు, అంటే సీసమే. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకుముందు వేసిన ప్రతి పొరనీ సీసం ఉన్నట్టే అనుకుని పని చెయ్యాలి. అది పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత అయితే పర్లేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మంట పెడితే పొగలో, పొడిగా గీకితే దుమ్ములో వస్తుంది, పిల్లలు ఆ చేత్తోనే మురుకులు తింటారు కదా.

సరైన పద్ధతి ఏంటంటే సెలవుల్లో పెట్టుకోవాలి, రెక్కలు ఊడదీసి బయట దూరంగా పెట్టి కింద ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్ళు చల్లి తడిగానే గీకాలి, గీకిన పొట్టు మూటగట్టి పారెయ్యాలి కానీ మొక్కల్లో పొయ్యకూడదు, చెత్తలో తగలబెట్టకూడదు. గట్టిగా పట్టుకుని ఉన్న రంగుని అసలు గీకక్కర్లేదు, తడి ఎమరీతో కాస్త గరుకు చేసి దాని మీదే వేసుకోవచ్చు. గీకే మనిషికి కూడా మంచి మాస్కు ఇవ్వాలి, ఆ బట్టలతో ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోకూడదని చెప్పాలి, వాళ్ళకెవరూ చెప్పరు. ఇప్పటికే దుమ్ము పడిన గదుల్లో చీపురు పెట్టొద్దు, తడిగుడ్డతో తుడిపించండి. పాప సంచి ఉతికెయ్యండి, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఎన్ని రోజులుగా జరుగుతోందో చెప్పి పిల్లల డాక్టరు గారిని కలవండి, రక్తంలో సీసం పరీక్ష ఉంటుంది, అవసరమైతే ఆయనే రాస్తారు.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నానండి, లైబ్రేరియన్ని. మా బడి లైబ్రరీ హాలుకి చెక్క కాదు, సన్నటి స్టీలు ఫ్రేముల కిటికీలు, చిన్న చిన్న అద్దాలు. ఎవరూ ముట్టుకోకుండానే అద్దాలు పగుళ్ళు పడుతున్నాయి. చాలామంది తీసేయమంటున్నారు, నాకేమో మనసొప్పట్లేదు.

జవాబు: మీ మనసు చెప్పిందే వినండి. అద్దం పగలడానికి కారణం ఫ్రేము తుప్పు. పైన రంగు బాగానే కనిపిస్తుంది, లప్పం కింద ఇనుము ఉబ్బి అద్దాన్ని అంచుల నుంచి నొక్కుతుంది, పగుళ్ళు మూలలోంచే మొదలవుతున్నాయో లేదో చూడండి. సముద్రపు గాలికి దగ్గర కాబట్టి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. పగిలిన అద్దాలు తీసి పాత లప్పం పూర్తిగా తోడించి, ఇనుము మెరిసేదాకా వైర్ బ్రష్ పట్టించి మంచి నీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి, ఆరిన రోజే జింక్ ప్రైమరు పడాలి, రాత్రి వదిలేస్తే పొద్దున్నకి మళ్ళీ ఎర్రబడుతుంది. ఇక్కడ కూడా పాత రంగు సీసందే అనుకుని పైన భీమవరం అమ్మకి చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకోండి. కింది పట్టీ తినేసి ఉంటే ఆ ముక్క వరకే కోసి అదే సెక్షన్ వెల్డింగ్ చేయించండి, కానీ చుట్టుపక్కల అద్దాలు తీశాకే, వేడికి మంచివి కూడా పోతాయి. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఉంటే మూయించండి, నీళ్ళు దిగేది అక్కణ్ణుంచే. అద్దం కొత్తగా కూర్చోబెట్టేటప్పుడు మొదట వెనకవైపు సన్నగా లప్పం పరిచి దాని మీద అద్దం నొక్కమనండి, ఉత్త ఇనుముకి అద్దం తగలకూడదు. ఆ లప్పం పైన పొర కట్టేదాకా, కనీసం వారం పది రోజులు, రంగు వెయ్యనివ్వకండి. పని మాత్రం వానలు వెళ్ళాక, సంక్రాంతి సెలవుల దగ్గర పెట్టుకోండి.